వాక్స్థాన విచారము: భాషకు మెదడు నెలవను సిద్ధాంతము పుట్టుపూర్వోత్తరములు

పక్షవాతము సోకినవానిని గూర్చి నల్లగొండ, మహబూబునగరు సీమల జనులు చేయి పడిపోయినది, కాలు పడిపోయినది, మాట పడిపోయినది అని చెప్పుదురు. ఈ నుడికారము తెలుగుదేశమంతటను గలదు. చేతికిని కాలికిని వాడిన క్రియనే మాటకును వాడుటచే, మాట గూడ దేహమున నొక యవయవమను భావ మిందు గర్భితమై యున్నది. అయితే ఆ యవయవ మెచ్చట నున్నది? నాలుక యందుమా, మాట పడిపోయినవారిలో ననేకుల నాలుక అన్నమును త్రిప్పుచునే యుండును. గొంతుక యందుమా, వారు నవ్వగలరు, ఏడ్వగలరు. కొందరు పాటయు పాడగలరు. నాలుకయు గొంతుకయు నుండగా పోయిన యా మాట ఎక్కడిది?

మెదడు నందలిదని నేటి శాస్త్రము చెప్పుచున్నది. ఈ సమాధానము బడిపిల్లలకును తెలిసినదే. కాని యిది యెట్లు స్థిరపడెనో, ఎవరెవరు దీనిని కాదనిరో, ఇందు నింకను తేలవలసిన దేమో అంతగా ప్రచారమున లేదు. ఆ చరిత్రను పరిశీలించినచో నొక విషయము స్పష్టమగును. ఈ సిద్ధాంతము శవపరీక్షవలన నెంత పుట్టినదో, రోగి నోట మిగిలిన రెండు మూడు మాటలను చెవియొగ్గి వినుటవలనను అంత పుట్టినది. గాయ మెచ్చటనో వైద్యుడు చెప్పగలడు. పోయిన దేమో చెప్పవలసినవాడు భాష నెరిగినవాడు. కావున నీ చరిత్రలో వైయాకరణునకును భాగము గలదు. పలు భాషలు కలిసి బ్రదుకు మన సీమలో ఆ భాగము మరింత పెద్దది.

గుండెయా, తలయా?

మన జనుల వాడుకలో మాటకు పెక్కు తావులు గలవు. రహస్యము దాచలేనివాని కడుపులో మాట దాగదందురు. గుర్తునకు రాని పేరు నోట నాడుచున్నదందురు. ఆప్తునితో మనసులోని మాట చెప్పుకొందురు. చదువు మాత్రము తలకెక్కవలెను.

శాస్త్రకారుల మతములును ఇట్లే పలుతెరగులు. పాణినీయశిక్ష చెప్పిన క్రమము పండితు లెరిగినదే. ఆత్మ బుద్ధితో గూడి యర్థములను గ్రహించి, పలుకగోరి మనస్సును నియోగించును. మనస్సు దేహాగ్నిని, అగ్ని వాయువును ప్రేరేపించును. వాయువు రొమ్మున సంచరించి, పైకెగసి మూర్ధమును తాకి, నోటిని చేరి వర్ణములను పుట్టించును. ఇందు తల వాయువు తగిలి మరలు తావే గాని మాటను దాచియుంచు తావు గాదు. చరకుడు చేతనకు హృదయమును స్థానముగా జెప్పియు, ఇంద్రియములకు శిరస్సు ఆశ్రయమనియు, అందుచే నది యుత్తమాంగమనియు పలికెను. భేలసంహిత మనస్సును శిరస్సునకును తాలువునకును నడుమ నుంచినది. గుండెకును తలకును గల యీ వివాదము మన దేశమున నొక పక్షమున నిర్ణయము గాక నిలిచిపోయెను.

గ్రీకుల దేశమునను నిట్టి వివాదమే నడచెను. హిప్పొక్రటీసు శిష్యసంప్రదాయము మెదడును, అరిస్టాటిలు హృదయమును ప్రధానముగా నెంచిరి. స్టోయికు మతస్థుడగు క్రిసిప్పసు, కంఠధ్వని రొమ్మునుండి వెడలుచున్నది గావున వివేకమును రొమ్మునందే యుండవలెనని వాదించెను. ఈ వాదమును క్రీస్తుశకము 2వ శతాబ్దమున గాలెను రోమునగరమున ప్రత్యక్షప్రయోగముతో ఖండించెను. అరచుచున్న పందికి గళమునకు పోవు సన్నని నాడులను రెంటిని బిగించెను. పంది కొట్టుకొనుచునే యుండెను, ఊపిరి యాడుచునే యుండెను, అరపు మాత్రము నిలిచిపోయెను. ఆ నాడులు మెదడునుండి వచ్చునవి. కావున ధ్వనికి ప్రేరకము మెదడే గాని గుండె గాదని తేలెను. అయినను గాలెను రుజువు చేసినది ధ్వనిని గూర్చియే. పందికి ధ్వని గలదు, భాష లేదు. ధ్వనినుండి భాషకు శాస్త్రము నడచుటకు పదునారు శతాబ్దములకు పైగా పట్టెను.

తలకు దెబ్బ తగిలిన మాట పోవునను అనుభవ మంతకంటె మిక్కిలి ప్రాచీనము. ఐగుప్తు దేశపు శస్త్రవైద్యగ్రంథ మొకటి, బ్రెస్టెడు పండితుడు 1930లో ప్రకటించినది, కణత యెముక పగిలి మూగవోయిన రోగిని వర్ణించుచున్నది. అనుభవము గలదు గాని దానినుండి సిద్ధాంతము తీయబడలేదు.

గాల్ మొదలు బ్రోకా వరకు

మెదడులో మాటకు ప్రత్యేకస్థానము గలదని మొదట గట్టిగా చెప్పినవాడు ఫ్రాంజ్ జోసెఫ్ గాల్ (1758–1828). పాఠములను సులభముగా కంఠస్థము చేయు తన సహాధ్యాయులకు కనుగ్రుడ్లు ముందునకు పొడుచుకొని యుండుటను బాల్యమున నితడు గమనించెనట. కన్నుల వెనుకనున్న మెదడుభాగము పెరిగి వానిని ముందునకు నెట్టుచున్నదనియు, ఆ భాగమే వాక్శక్తికి నెలవనియు నూహించెను. హేతువు తప్పు. పుఱ్ఱె మిట్టలను తడవి గుణములు చెప్పు నాతని విద్య నవ్వులపాలయ్యెను. కాని మెదడు ఒక ముద్ద గాదు, వేర్వేరు శక్తులకు వేర్వేరు భాగములు గలవను మూలభావము నిలిచెను. 1825లో పారిసునందలి బూయో యను వైద్యుడు, మాట పోయిన రోగుల శవపరీక్షలను కూర్చి, మెదడు ముందుభాగమగు లలాటఖండము చెడినపుడే మాట పోవుచున్నదని వాదించెను. పండితసభలు చాలకాలము నమ్మలేదు.

ఈ వివాదమును తీర్చినది 1861వ సంవత్సరము. ఏప్రిలు మాసమున పారిసు మానవశాస్త్రసమాజమున బూయో అల్లుడగు ఓబుర్తాన్ మామగారి పక్షమున వాదించెను. ఆ సమాజమునకు కార్యదర్శియు శస్త్రవైద్యుడునగు పాల్ బ్రోకా వద్దకు, బిసెత్ర్ ఆసుపత్రిలో, ఆ దినములలోనే లెబోర్న్ అను రోగి వచ్చెను. కాలు కుళ్ళి మరణావస్థలో నుండెను. ఇరువది యొక్క సంవత్సరములుగా నాతడేమడిగినను 'తాన్, తాన్' అనియే సమాధానము. అందరు నాతనిని ఆ పేరుననే పిలుచుచుండిరి. ఎదుటివారి మాట చాలవరకు నతనికి తెలియును. అడిగిన సంఖ్యను వ్రేళ్ళతో చూపును. మిక్కిలి కోపము వచ్చినపుడు మాత్రము ఒక తిట్టు స్పష్టముగా వెడలును. ఏప్రిలు 17న నాతడు మరణించెను. మరునాడే బ్రోకా ఆ మెదడును సమాజమునకు చూపెను. ఎడమ లలాటఖండమున మూడవ మడత వెనుకభాగము చెడియుండెను.

ఆ యేడే రెండవ రోగి దొరికెను. ఎనుబదినాలుగేండ్ల వృద్ధుడగు లెలాంగునకు మిగిలినవి అయిదే మాటలు. అందు సంఖ్యావాచక మొక్కటే, మూడు అను అర్థము గలది. అదియు సరిగా పలుకదు. బిడ్డ లెందరని యడిగిన 'మూడు' అని పలికి నాలుగు వ్రేళ్ళు చూపెను. మగపిల్ల లెందరనిన 'మూడు' అని పలికి రెండు వ్రేళ్ళు చూపెను. ఈ సంఘటనను పండితు లొకమారు నిదానించి చూడవలెను. శబ్దము పోయినది, అర్థజ్ఞానము పోలేదు. శబ్దార్థముల సంబంధమును గూర్చి మన శాస్త్రములందు జరిగిన చర్చ యంతకు నిది ప్రత్యక్షోదాహరణము. లెలాంగు మెదడునను గాయము దాదాపు ఆ తావుననే యుండెను.

1865లో బ్రోకా మరియొక మెట్టు పైకెక్కెను. రోగులందు గాయము ఎడమ అర్ధభాగముననే తరచుగా కనబడుటచే, మనము మాటలాడునది ఎడమ మెదడుతోనని ప్రకటించెను. మోంపెలియే ప్రాంతపు వైద్యుడగు మార్క్ డాక్స్ ఈ విషయమునే 1836లో వ్రాసియుంచెననియు నాతని కుమారుడు 1865లోనే ఆ వ్యాసమును ప్రకటించెను. ఎడమ మెదడు దేహమున కుడిపక్షమును నడపును. కుడిచేయి పడిపోయినవారికి మాటయు తరచుగా పడిపోవుటకు కారణ మిదియే. ఈ వ్యాధికి అఫేసియా యను పేరు 1864లో త్రూసో పెట్టినది. మనము దీనిని వాగ్భ్రంశ మందము.

వినుట, పలుకుట: వెర్నికే

1874లో ఇరువదియారేండ్ల జర్మను వైద్యుడు కార్ల్ వెర్నికే చిన్న గ్రంథ మొకటి ప్రకటించెను. ఆతడు చూపిన రోగుల స్థితి లెబోర్న్ స్థితికి విపరీతము. వారు ధారాళముగా మాటలాడుదురు. కాని మాటకు మాట మారిపోవును, వర్ణములు తారుమారగును, ఎదుటివారి మాట తెలియదు. ఊరివారు పిచ్చి యని తలచుట కవకాశ మెక్కువ. వారి మెదడున చెడినది లలాటఖండము గాదు. చెవికి చేరువనున్న కణతఖండము పైమడత. కావున మాటకు నెలవు ఒక్కటి గాదు, శబ్దరూపములను నిలుపు తావు వేరు, ఉచ్చారణక్రియను నిలుపు తావు వేరు, నడుమ వానిని కలుపు త్రోవ యుండవలెనని యాతడు నిశ్చయించెను. ఆ త్రోవ తెగినవాడు వినినది తెలిసికొనును, తాను మాటలాడును, కాని మాటకు మాట మార్చి తడబడునని ముందుగానే చెప్పెను. అట్టి రోగులు పిమ్మట కనబడిరి. కనబడనిదానిని ముందుగా చెప్పగలుగుటచే నిది నిజముగా సిద్ధాంత మనిపించుకొనెను. 1885లో లిఖ్త్‌హైమ్ దీనిని గీతలతో పటముగా వ్రాసి విస్తరించెను.

1892లో దెజెరీన్ చూపిన రోగి యింకను విచిత్రము. ఆతడు మాటలాడును, వినును, వ్రాయును. తాను వ్రాసినదానినే చదువలేడు. అక్షరమును కంటితో గుర్తించు త్రోవ యొక్కటే తెగెను. చదువుటయు వ్రాయుటయు నొకే విద్య యని బడులలో మనము భావింతుము. మెదడున నవి వేరు త్రోవలు.

పూర్వపక్షములు

ఈ పటములను చూచి తృప్తి చెందనివారును గలరు. లండనునందలి హ్యూలింగ్స్ జాక్సన్ వారిలో మొదటివాడు. లెబోర్న్ నోట తిట్టు వెడలినది గదా! మాటల కొట్టు తగులబడినచో ఆ తిట్టు ఎక్కడినుండి వచ్చెను? ఇట్టి రోగులు తిట్టుదురు, ప్రార్థన చదువుదురు, వరుసగా లెక్క యప్పగింతురు. క్రొత్త వాక్యము మాత్రము నిర్మింపలేరు. కావున పోయినది పదములు గావు, వాక్యమును నిర్మించు శక్తి యని జాక్సన్ చెప్పెను. పదముల కూర్పు వాక్యమా, వాక్యమే యఖండమై పదములు కల్పితములా యని భర్తృహరి వాక్యపదీయమున జేసిన విచారము నెరిగినవారికి ఈ పక్షము క్రొత్తగా తోపదు. భర్తృహరి చెప్పినది మెదడును గూర్చి గాదు; ఆ రెంటిని ఒకటిగా చెప్పుట అపచారము. కాని వాక్యమును పదములకు పైదానిగా నెంచుట రెండింటికిని సామాన్యము.

1891లో ఫ్రాయిడు, తరువాత మనశ్శాస్త్రమున ప్రసిద్ధుడైనవాడే, వాగ్భ్రంశముపై గ్రంథము వ్రాసి, చిన్నచిన్న కేంద్రములలో మాటలు దాగియున్నవనుట సరికాదనెను. 1906లో పియెర్ మారీ, ఎడమ మూడవ మడతకు భాషలో ప్రత్యేకాధికారమే లేదని బ్రోకాపై తిరుగబడెను. 1926లో హెన్రీ హెడ్ ఈ పటకారుల నందరిని పరిహసించెను. 1965లో నార్మన్ గెష్విండ్ వెర్నికే త్రోవలను మరల నిలబెట్టెను. బ్రోకా దాచియుంచిన ఆ రెండు మెదడులను 2007లో నూతన యంత్రములతో పరీక్షింపగా, గాయములు ఆతడు చూచిన పైమడతతో నాగక మిక్కిలి లోతునకు వ్యాపించియున్నట్లు కనబడెను. నేడు భాష ఒకటి రెండు తావులలో గాక, దూరభాగములను కలుపు పెక్కు త్రోవలలో నడచుచున్నదని యెంచుచున్నారు. బ్రోకా తావు తప్పిపోలేదు, ఒంటరిగా నిలువలేదు.

వ్యాకరణము వైద్యశాలకు వచ్చుట

ఇంతవరకు నడచినవారందరు వైద్యులు. భాషాతత్త్వజ్ఞులు ఆలస్యముగా వచ్చిరి. 1941లో రోమన్ యాకొబ్సన్, శిశువు వర్ణములను నేర్చు క్రమమునకును రోగి వానిని కోల్పోవు క్రమమునకును సంబంధమున్నదని, తుదకు నేర్చినవి మొదట పోవునని ప్రతిపాదించెను. తరువాతి పరిశోధన ఈ నియమమును పూర్తిగా నంగీకరింపలేదు గాని, రోగి తప్పులకును వ్యాకరణ ముండునను మాట నిలిచెను. 1956లో నాతడు వాగ్భ్రంశమును రెండుగా విభజించెను. పదమునకు బదులు పదము నెన్నుకొను శక్తి చెడుట ఒకటి. పదముతో పదమును కూర్చు శక్తి చెడుట రెండవది. మొదటిది సాదృశ్యమునకు, రెండవది సామీప్యసంబంధమునకు చెందునని చెప్పి, రూపకాదులతో పోల్చెను. సాదృశ్యముపై గౌణిని, ఇతరసంబంధములపై శుద్ధను నిలిపి లక్షణను విభజించిన మమ్మటాదుల మార్గము నెరిగిన మన యాలంకారికులకు ఈ విభాగము సుబోధము. 1967లో లెనెబర్గ్ భాషకు దేహధర్మములలోని పునాదులను గ్రంథముగా రచించెను. సిడ్నీ లాంబ్ 1966లో వ్యాకరణమును సంబంధముల వలగా నిరూపించి, 1999 నాటికి ఆ వలను మెదడు నిర్మాణముతో సమన్వయింప యత్నించెను.

వ్యాకరణ మెట్లు పనికివచ్చునో యొక యుదాహరణము చూడుడు. బ్రోకా తావు చెడిన ఆంగ్లరోగులు పదాంతప్రత్యయములను విడిచివేయుదురని చాలకాలము వ్రాసిరి. ఆంగ్లక్రియ భూతకాలప్రత్యయమును విడిచినను పదముగనే నిలుచును. తెలుగున 'వచ్చిండు' అనుదానినుండి కాలపురుషబోధకమును తీసివేసిన మిగులు హల్లు పలుకుటకే రాదు. హీబ్రూ మొదలగు భాషలలో జరిగిన పరీక్షలందు, ఇట్టి చోట్ల రోగి ప్రత్యయమును విడువక, ఒకదానికి బదులు వేరొకటి పెట్టుచున్నాడని తేలెను. 'వచ్చిండు' అనవలసినచోట 'వచ్చింది' యను తప్పునకు వైద్యుడు చెవి యొగ్గి యుండవలెను. అంతకు ముందు 'వచ్చిండు', 'వచ్చిన్రు', 'గిట్ల', 'గట్ల' అనునవి ఈ సీమలో శుద్ధమైన వాడుకలే గాని రోగలక్షణములు గావని యాతనికి తెలిసియుండవలెను. పుస్తకభాషనో, సర్కారుజిల్లాల భాషనో ప్రమాణముగా బట్టి దేవరకొండ రైతును పరీక్షించువాడు లేని రోగమును చూచును, ఉన్న రోగమును వదలును.

పలు భాషల సీమ

లెబోర్న్ గాని, లెలాంగు గాని, వెర్నికే రోగులు గాని తమ తమ వైద్యుల పరిశీలనలో ఏకభాషావ్యవహర్తలే. మొదటి పటములన్నియు నొక భాషవాని మెదడు పటములు. మన సీమ స్థితి యట్లు గాదు. నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతపు తండాలలో ఇంట లంబాడీ, సంతలో తెలుగు. 2019లో ప్రత్యేకజిల్లా యగువరకు మహబూబునగరు జిల్లాలోనిదైన నారాయణపేటలో తెలుగు, కన్నడము, మరాఠి, ఉరుదూ ఒకే వీధిలో వినబడును. కృష్ణాతుంగభద్రల నడుమనున్న గద్వాల, అలంపురము సీమ కన్నడదేశమున కంటియున్నది. 1948వరకు హైదరాబాదు రాజ్యమున అధికారభాష ఉరుదూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు ఉరుదూలోనే. ఇంట తెలుగు మాటలాడి, బడిలో కుడినుండి యెడమకు వ్రాయు లిపిని నేర్చిన తర మొకటి గడచినది.

ఇట్టివానికి పక్షవాతము వచ్చిన నే భాష పోవును, ఏది నిలుచును? 1881లో రిబో, స్మృతిలో పాతది గట్టిది గావున మొదట నేర్చినది నిలుచునని సూచించెను. 1895లో పీత్ర్, రోగమునకు ముందు మిక్కిలి వాడుకలో నున్న భాషయే మొదట తిరిగి వచ్చునని వాదించెను. 1977లో మిషెల్ పరదీ గతమున వెలువడిన రోగవృత్తాంతములను పరిశీలింపగా, రెండు నియమములును సర్వత్ర చెల్లవని కనబడెను. కొందరికి రెండు భాషలును సమముగా తిరిగివచ్చును. కొందరికి ఒకటి బాగుపడిన పిమ్మటనే రెండవది. కొందరికి ఒకటి వచ్చుకొలది రెండవది తగ్గును. కొందరికి ఒకటి యెన్నటికిని రాదు. అందుచే రోగికి వచ్చిన ప్రతిభాషలోను సమానముగా పరీక్ష జరుగవలెనని యాతడు 1987లో నొక పరీక్షావిధానమును ప్రకటించెను. తెలుగులో మాత్రమే పరీక్షించిన లంబాడీ వృద్ధురాలు మూగదని వ్రాయబడి, తండాలో మనుమరాలితో తన భాషలో నాలుగు మాటలు చెప్పుచుండవచ్చును. చికిత్స ఏ భాషలో సాగవలెనో నిర్ణయించునది ఆ నాలుగు మాటలే.

పలు భాషలు మెదడునకు భారమా, బలమా యను ప్రశ్నకు మన రాజధానినుండియే గణనీయమైన సమాధానము వచ్చినది. హైదరాబాదు నిమ్స్ వైద్యశాలలో సువర్ణ అల్లాడి మొదలగువారు 648 మంది మతిమరపు రోగులను పరిశీలించి 2013లో ఫలితములను ప్రకటించిరి. వారిలో 391 మంది ఒకటికంటె నెక్కువ భాషలు వచ్చినవారు. వారికి వ్యాధి సగటున నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా నారంభమైనట్లు తేలెను. అక్షరజ్ఞానము లేనివారియందును ఈ భేదము కనబడెను. చదువువలన వచ్చిన లాభమును భాషలకు అంటగట్టితిరను ఆక్షేపణకు నిది గట్టి సమాధానము. రెండుకంటె నెక్కువ భాషలవలన అదనపు లాభము కనబడలేదు. 2016లో నదే వైద్యశాలనుండి 608 మంది పక్షవాతరోగుల వృత్తాంతము వెలువడెను. వ్యాధి పిమ్మట బుద్ధిశక్తి చెడక నిలిచినవారు ద్విభాషులలో నూటికి 40.5, ఏకభాషులలో 19.6. వాగ్భ్రంశము మాత్రము రెండు వర్గములలోను దాదాపు సమానమే. అనగా రెండవభాష మాటను కాపాడలేదు, బుద్ధిని కాపాడినది. ఇతరదేశములలో కొన్ని పరిశోధనలు ఇట్టి ఫలితమును బలపరుపలేదు గావున వివాద మింకను ముగియలేదు.

ఉపసంహారము

మూడు భాషలు వచ్చిన బాలునికి బుద్ధి చెదరునను భయము బడులలో నింకను వినబడుచున్నది. నిమ్స్ వారి లెక్కలు ఆ భయమునకు ఆధారము చూపుట లేదు. తండానుండి వచ్చిన బాలుని ఇంటిభాషను మాన్పింప నుద్యోగించు ఉపాధ్యాయుడు దీనిని తెలిసికొనుట మేలు.

వైద్యులకును పండితులకును కలిసి చేయదగిన పని యొకటి గలదు. మాట పడిపోయినవానియందు ఏ భాష ఏ వయస్సున, ఎవరివలన నేర్చినదో, ఏ లిపి చదివినదో, అసలు చదివినదో లేదో, ఏ చేతివాటమో, వ్యాధి పిమ్మట ఏ భాషలో ఏ మాటలు, ఏ విభక్తులు, ఏ క్రియారూపములు నిలిచినవో, పాట, పద్యము, తిట్టు, దేవుని పేరు నిలిచినవో లేవో, వీనిని రోగి పలికినట్లే, సవరింపక, ఆ యూరి యుచ్చారణతో వ్రాసియుంచవలెను. రోగి పేరు, ఊరు బయటపడరాదు. ఇంటివారి యనుమతి యుండవలెను. సవరింపక వ్రాయుట పండితులకు కష్టమైన పనియే. కాని బ్రోకా లెలాంగు నోట తప్పుగా వెడలిన సంఖ్యావాచకమును సవరించి వ్రాసికొనియుండిన, చూపిన నాలుగు వ్రేళ్ళను లెక్కింపక విడిచియుండిన, పైన చెప్పిన శబ్దార్థభేదము మనకు తెలియకయే యుండెడిది. ఈ సీమ పండితులు తమ యూళ్ళలో నీ పనికి పూనుకొందురు గాక.